ఒగ్గుకథ గొంతు, స్టూడియో మైకు

వరంగల్, జనగామ, కరీంనగర్, సిరిసిల్ల దిక్కు గొంతులకు కరువు లేదు. బతుకమ్మ తొమ్మిది రోజులు ఏ వాడకు పోయినా పాట ఎత్తుకునే అక్క ఒకరుంటారు. మల్లన్న పట్నం (కొలుపు ముగ్గు) వేసిన రాత్రి ఒగ్గు కథకుడు తెల్లారేదాకా గొంతు దించడు. అట్లాంటి గొంతుకు సినిమా పాట పిలుపొచ్చి, వాయిస్ బూత్‌లో నిలబడ్డాక మాత్రం చిక్కులు మొదలవుతాయి. డోలు, తాళాలు, నపీర అనే ఊదే వాద్యం మోగుతుంటే వాటిని దాటి చివరి వరుస దాకా మాట వినబడాలి కాబట్టి, ఆరుబయట పాడేవాళ్లు గొంతు తెరిచి, ఒత్తి పాడతారు. స్టూడియోలో వినేది మైకు, అది మూతికి జానెడు దూరంలో ఉంటుంది. ఇక్కడి పిల్లలు నేపథ్య గానానికి పోవాలంటే ఏం మార్చుకోవాలి, ఏది అసలు ముట్టుకోవద్దు, కాగితాల దగ్గర ఎక్కడ నష్టపోతారు అన్నవే ఈ పోస్టులో.

ముందు మైకు సంగతి. పాటకు ఎక్కువగా వాడేది పెద్ద డయాఫ్రమ్ ఉన్న కండెన్సర్ మైకు. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. స్టేజీ మీద చేత్తో పట్టుకుని పెదవులకు ఆనించే డైనమిక్ మైకు అలవాటుతో దీని ముందుకు పోతే ఇబ్బందే. గాజుల చప్పుడు, పట్టుచీర రాపిడి, ఆకలి కడుపు గుడగుడ కూడా పట్టేస్తుంది. అందుకే బూత్‌లోకి నూలు బట్టలతో, గాజులు, వాచీ తీసేసి పోవాలి. నోటికీ మైకుకూ మధ్య 15 నుంచి 20 సెంటీమీటర్లు ఉంచాలి. నోటి గాలిని ఆపే జాలీ, అంటే పాప్ ఫిల్టర్, మైకుకు నాలుగు వేళ్ల దూరంలో ఉంటే సరిపోతుంది. ఇంతకంటే దగ్గరికి జరిగితే కింది స్వరాలు బరువెక్కి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, దూరం జరిగితే గది మోత కలుస్తుంది. పల్లవి ఒక దూరంలో, చరణం ఇంకో దూరంలో పాడితే రెండు టేకులు అతికినప్పుడు అతుకు తెలిసిపోతుంది. నేల మీద టేపు ముక్క అంటించి పాదాలు దాని మీదనే ఉంచడం మంచి అలవాటు. తారస్థాయికి పోయేటప్పుడు అడుగు కదపకుండా నడుము పైభాగాన్ని మాత్రం మూడు నాలుగు అంగుళాలు వెనక్కి వాల్చాలి.

లెవెల్ చూసే దగ్గర కొత్తవాళ్లంతా ఒకే పని చేస్తారు. ఇంజినీరు "జర పాడన్నా, గెయిన్ పెడతా" అంటే మొహమాటంగా, మెల్లగా రెండు ముక్కలు పాడతారు. అసలు టేకులో గొంతు విప్పేసరికి సిగ్నల్ పగులుతుంది. ఆ టేకులో భావం ఎంత పలికినా పనికి రాదు, పగిలిన శబ్దాన్ని మళ్లీ అతికించే పరికరం నమ్మదగ్గది లేదు. పాటలో అన్నింటికన్నా గట్టిగా పాడాల్సిన పాదమేదో ముందే చూసుకుని, లెవెల్‌కు దాన్నే పాడాలి. అది మీటరు మీద మైనస్ 10 డెసిబెల్ దగ్గర ఆగితే మిగతాదంతా క్షేమం.

ప, బ, ఫ, భ పలికినప్పుడు నోట్లోంచి గాలి తోసుకొస్తుంది. అరచేయి నోటి ముందు పెట్టుకుని "భారం" అని చూస్తే తెలుస్తుంది. మైకును నోటికి సూటిగా కాకుండా ముక్కు ఎత్తున, కొద్దిగా వాలుగా పెట్టిస్తే ఆ గాలి కింది నుంచి పోతుంది. స, శ, ష లకు వేరే తంటా. 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఈల వేసినట్టు గుచ్చుకుంటుంది. దాన్ని డీ-ఎస్సర్‌తో తగ్గిస్తారు గానీ, ఎక్కువ తగ్గిస్తే పాడినవాళ్లకు నత్తి ఉన్నట్టు వినిపిస్తుంది. నాలుక కొసను పళ్ల నుంచి వెంట్రుకవాసి వెనక్కి పెట్టి పలకడం నేర్చుకుంటే ఆ మరమ్మతు అవసరమే రాదు.

శ్రుతి విషయంలో ఇక్కడి పాటగాళ్లకు ఒక పెద్ద లోటుంది. ఎత్తుకున్నదే శ్రుతి అనుకోవడం. బతుకమ్మ పాటలు చాలా వరకు ఐదారు స్వరాల్లో తిరుగుతాయి కాబట్టి ఎక్కడ ఎత్తుకున్నా గండం గడుస్తుంది. సినిమా పాట ఒకటిన్నర స్థాయి దాకా సాగుతుంది. మంద్ర పంచమం (కింది స్థాయి ప) దగ్గర మొదలై తార గాంధారం (పై స్థాయి గ) దాకా పోయే వరుస వస్తే, తన శ్రుతి తెలియనివాళ్లు పల్లవిలో మునిగిపోతారు, లేకపోతే చరణంలో చీలిపోతారు. లలిత సంగీతంలో మగవాళ్లకు ఎక్కువగా ఒకటి నుంచి రెండు కట్టెలు, అంటే కీబోర్డు మీద సి నుంచి డి దాకా కుదురుతుంది. ఆడవాళ్లకు ఐదు నుంచి ఆరు కట్టెలు, జి నుంచి ఏ దాకా. ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకుని, పొద్దున కాకుండా సాయంత్రం, గొంతు తెరుచుకున్నాక, మంద్ర పంచమం గాలి పోకుండా, తార మధ్యమం మెడ నరాలు లేవకుండా పలికే శ్రుతి ఏదో చూసుకోవాలి. సంగీత దర్శకుడు అడిగితే "నాకు అన్నీ వస్తయి సార్" అనొద్దు. "సౌకర్యంగా ఇక్కడి నుంచి ఇక్కడి దాకా" అని రెండు స్వరాలు చెప్పేవాళ్లంటే వాళ్లకు నమ్మకం కుదురుతుంది. వరంగల్‌లో ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ఉంది. సినిమాకు పాడాలనుకునేవాళ్లు అక్కడ కచేరీ చేసేంత నేర్వకపోయినా, స్వరం వింటే పేరు చెప్పగలిగేంత సరళీ, జంట, అలంకారాల లాంటి తొలి పాఠాలు సాధన చేస్తే చాలు. స్టూడియోలో "రిషభం కొంచెం తగ్గింది" అన్నప్పుడు ఏది తగ్గిందో తెలియాలి కదా.

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాక శ్రుతి పోవడానికి కారణం చాలాసార్లు చెవి కాదు, ఆ హెడ్‌ఫోన్‌లో వచ్చే మిక్సే. మ్యూజిక్ మరీ గట్టిగా పెడితే స్వరం కిందికి దిగుతుంది. తన గొంతు తనకు వినిపించకపోతే ఒత్తి పాడతారు, అప్పుడు శ్రుతి పైకి ఎక్కుతుంది. ఒక చెవి మీది నుంచి హెడ్‌ఫోన్ సగం జరుపుకోవడం పాత ఉపాయం, ఇప్పటికీ దీన్ని మించింది లేదు. కాకపోతే ఆ జరిపిన వైపు శబ్దం ఆపించాలి, లేకపోతే లయ కోసం వేసే క్లిక్ చప్పుడు మైకులోకి కారి, పాట నిశ్శబ్దంగా ఉన్నచోట టిక్కుటిక్కుమని వినబడుతుంది. గొంతు కాస్త ఆలస్యంగా వినిపిస్తుందంటే కంప్యూటరు శబ్దాన్ని పోగేసుకునే బఫర్ ఎక్కువ పెట్టారన్నట్టు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిళ్ల బఫరంటే ఒక వైపే 5 మిల్లీసెకన్లు పైన, పోనురాను కలిపితే పది దాటుతుంది. 64కో 128కో తగ్గించమని అడగొచ్చు, అది మీ హక్కే.

ఇగ క్లిక్. జానపదంలో లయ స్థిరంగా ఉండదు, ఉండొద్దు కూడా. కోలాటం వేగమెక్కుతుంటేనే ఊపు. డప్పు కొట్టేవాళ్లు, ఆడేవాళ్లు, పాడేవాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ పోతారు. క్లిక్ ఎవరినీ తోయదు, ఎవరి కోసం ఆగదు. నిమిషానికి 100 దెబ్బల పాటలో ఒక్కో దెబ్బకు 600 మిల్లీసెకన్లు. అందులో 50 ముందుకు దూకినా వినేవాళ్లకు ఎక్కడో తొందర కనబడుతుంది. మన పాటలు ఎక్కువగా తకిట తకిట నడకలో ఉంటాయి కాబట్టి, సాధన కూడా ఆ నడకలోనే చేయాలి. మెట్రోనోమ్ పెట్టుకుని మొదటి దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద చప్పట్లు కొడుతూ పాడాలి. నాలుగు ఆవర్తనాల తర్వాత శబ్దం ఆపేసి, ఇంకో నాలుగు ఊహలో పాడి, మళ్లీ పెడితే ఎంత జారామో తేలిపోతుంది. కొత్తలో అందరూ ముందుకే జారుతారు.

భాష దగ్గర చాలామంది అనవసరంగా సిగ్గుపడతారు. యాస పోగొట్టుకుంటేనే సినిమా పాట వస్తుందని ఎవరో చెబితే నమ్మి, రెండిటికీ చెడతారు. అక్షరం వేరు, యాస వేరు. ళ-ల, ణ-న, శ-స తేడా మాత్రం కచ్చితంగా పలకాలి, అక్కడ మినహాయింపు లేదు. పద్యం చదివినట్టు రోజూ ఒక పేజీ పైకి చదివితే మూడు నాలుగు నెలల్లో నాలుక తిరుగుతుంది. యాస పాత్రను బట్టి వస్తుంది, పాటకు అవసరమైతే అదే మన బలం. ఇక్కడి మాట వినకుండా పెరిగినవాళ్లు పలికే దొంగ యాస, వరంగల్ బస్టాండ్‌లో వినిపిస్తే పక్కనున్నవాళ్లు నవ్వుతారు.

ఊపిరి ఎక్కడ తీయాలో సాహిత్యం కాగితం మీద పెన్సిల్‌తో గీత పెట్టుకోవాలి. "పోయినది" అనే మాట మధ్యలో ఊపిరి తీస్తే "పోయి... నది" అవుతుంది. కవి పక్కనుంటే తల పట్టుకుంటాడు. దీర్ఘంగా నిలిపే స్వరం "ం" మీద ముగిస్తే పెదవులు చివరి పావు భాగంలోనే మూయాలి, ముందే మూస్తే పాటంతా ముక్కులోకి పోతుంది. "ఇ", "ఉ" మీద పై స్వరం వస్తే లోపల దవడను కొంచెం దించి, అచ్చు మారకుండా చోటు ఇవ్వాలి. ఊపిరి శబ్దం అసలు వినబడొద్దని దాచుకునేవాళ్లు ఉంటారు. ఎడిటర్ కూడా అన్నీ కోసేస్తే మనిషి పాడినట్టుండదు. పెద్దవి తగ్గించి చిన్నవి ఉంచేవాడే మంచి ఎడిటర్.

ఇప్పుడు సెషన్ ఎట్లా నడుస్తుందో. వరుస కట్టాక డమ్మీ మాటలతోనో, రాసిన సాహిత్యంతోనో ట్రాక్ పాడిస్తారు. కొత్తవాళ్లకు తలుపు తెరుచుకునేది ఇక్కడే. ట్రాక్ పాడినవాళ్ల గొంతు తర్వాత మార్చేస్తారు. ఒక్కోసారి దర్శకుడి చెవికి ఆ గొంతే అలవాటై ఉండిపోతుంది. అందుకని ట్రాక్ కదా అని సగం మనసుతో పాడితే నష్టం పాడినవాళ్లదే. అసలు గొంతు తీసుకునేటప్పుడు పాటను ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకు మూడు నుంచి ఐదు టేకులు తీసుకుని, అందులోంచి బాగున్న పాదాలు ఏరి ఒకటి కడతారు. తప్పు పోయిన ఒక్క మాటనే మళ్లీ పాడించే పంచ్ ఉంటుంది. అప్పుడు ముందు రెండు పాదాలు కూడా కలిపి పాడుకుంటూ రావాలి, ఆ ఒక్క మాటే పాడితే ఊపు కలవదు. పై స్థాయి చరణం చివరికి వదలొద్దు. గొంతు వేడెక్కిన అరగంటకు, అలసిపోకముందే అయిపోవాలి. లీడ్ అయ్యాక డబుల్ (అదే వరుస మళ్లీ పాడి లీడ్ మీద కలపడం), హార్మనీ, హమ్మింగ్, కోరస్ వరుసగా వస్తాయి. డబుల్ పాడేటప్పుడు గమకాలు తగ్గించి, మాటల చివర్లు లీడ్‌తో పాటే మూయాలి, లేకపోతే "త", "ట" లు రెండుసార్లు వినిపిస్తాయి. శ్రుతి సరిదిద్దే సాఫ్ట్‌వేర్ ఉంది కదా అనే ధీమా మంచిది కాదు. సాగదీసిన జానపద గమకాన్ని అది తప్పనుకుని సాపు చేస్తుంది, పాటలో ఊరు పోతుంది. అక్కడ చేత్తో ఒక్కో స్వరం చూసుకుంటూ దిద్దమని ఇంజినీరును అడగాలి.

ఇంటి నుంచి గొంతు పంపేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపి, బట్టలు నిండుగా ఉన్న అల్మారా తెరిచి దాని వైపు మొహం పెట్టి, వీపు వెనుక బొంత కట్టి పాడితే గది మోత సగం తగ్గుతుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో వేవ్ ఫైలు. నాలుగు నిమిషాలకు దాదాపు 35 ఎంబీ వస్తుంది, మూడు నాలుగు ఎంబీలే ఉందంటే ఎక్కడో ఎంపీ3 అయిందన్నమాట. రివర్బ్ వేయొద్దు. పాట మొదటి సెకను నుంచే ఫైలు మొదలవ్వాలి, మీ గొంతు నలభయ్యో సెకనుకు వచ్చినా సరే. అప్పుడే అవతలివాళ్లు పెట్టిన చోట సరిగ్గా కూర్చుంటుంది. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే నాణ్యత చచ్చిపోతుంది, డాక్యుమెంట్‌గానో డ్రైవ్ లింకుగానో పంపాలి.

ఎవరి ముఖానికి పాడుతున్నామన్నది నేపథ్య గానంలో అసలు పని. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మొదటి పాట 1966 డిసెంబరు 15న కోదండపాణి సంగీతంలో రికార్డయింది. మద్రాసులో ఇంజినీరింగ్ చదువుతున్న కుర్రాడు, శాస్త్రీయ సంగీతం గురువు దగ్గర పద్ధతిగా నేర్చినవాడు కాదు. అదే మనిషికి 'శంకరాభరణం' పాటలకు జాతీయ అవార్డు వచ్చింది. హీరోకొక గొంతు, హాస్యనటుడికొక గొంతు పెట్టి పాడిన పాటలు పక్కపక్కన వింటే, స్వరం కన్నా ముందు ఆయన మార్చింది మాట పలికే తీరని తెలుస్తుంది. దవడ ఎంత తెరవాలి, మాటను ఎంత ఒత్తాలి, ఎక్కడ నవ్వాలి. సాధనకు ఇదే మార్గం. ఒకే పల్లవిని ఇరవై ఏళ్ల కుర్రాడికి, యాభై ఏళ్ల తండ్రికి, తాగినవాడికి పాడి రికార్డు చేసుకుని వినాలి.

మన దిక్కు నుంచే ఇంకో దారి చూపిన మనిషి చక్రి. మహబూబాబాద్ దగ్గరి కంబాలపల్లి నుంచి పోయి 2000లో 'బాచి'తో సంగీత దర్శకుడైన చక్రి, తన వరుసలు చాలా తానే పాడారు. 2014 డిసెంబరులో నలభై ఏళ్లకే పోయారు. పెద్ద గొంతు కాదు. గట్టిగా ఎత్తకుండా, మైకుకు దగ్గరగా, మాట్లాడినట్టు పాడటం ఆయన బలం. జానపదం నుంచి వచ్చేవాళ్లు ముందు వినాల్సింది ఇట్లాంటి పాటలే, ఎందుకంటే మనకు రానిది అదే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఇక్కడిదే. 2023లో వచ్చిన 'బలగం' చివర్లో దుగ్గొండి మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన పాట. అందులో గొంతు సాపు చేయలేదు, ఒత్తు తగ్గించలేదు, జనం ఏడ్చారు. కానీ అక్కడ పాడేవాళ్లే తెర మీద ఉన్నారు. వాళ్ల ముఖానికి వాళ్ల గొంతు. అదే ఒత్తు కాలేజీ హీరో ప్రేమ పాటలో పెడితే పొసగదు. కాబట్టి తెరిచిన గొంతును మరిచిపోవాల్సిన పని లేదు, రెండో గొంతు ఒకటి చేర్చుకోవాలి అంతే.

సినిమా పిలుపు వచ్చేదాకా ఇక్కడ బతుకు నడిపేది యూట్యూబ్ జానపదాలు, దేవుని పాటలు. ఈ పనికి ఒక పంచాంగం ఉంది. భాద్రపద అమావాస్యకు ఎంగిలిపూల బతుకమ్మ అంటే పాటలు శ్రావణంలోనే రికార్డవ్వాలి. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న, శివరాత్రికి వేములవాడ రాజన్న, చైత్ర పున్నమికి కొండగట్టు అంజన్న, రెండేళ్లకోసారి మాఘంలో మేడారం. ప్రతిదానికీ నెలన్నర, రెండు నెలల ముందు స్టూడియోలు కిక్కిరిసి ఉంటాయి. ఆ సీజన్లో రోజుకు మూడు నాలుగు పాటలు ఒప్పుకుని, రాత్రి మళ్లీ డీజే పక్కన స్టేజీ ఎక్కడం, గొంతు పోవడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. ఐదు కట్టెల శ్రుతిలో ఒకామె తారషడ్జం పట్టిందంటే స్వరతంతువులు సెకనుకు దాదాపు 392 సార్లు తగులుకుంటాయి. వాచిన తంతువుల మీద అదే పని రోజుల తరబడి చేయిస్తే కాయల్లాంటి నాడ్యూల్స్ వస్తాయి. పై స్వరాలు గాలిగా రావడం, మెల్లగా పాడితే గొంతు పలక్కపోవడం, పొద్దున బాగుండి సాయంత్రానికి బొంగురుపోవడం దాని గుర్తులు. రెండు మూడు వారాలకు బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ దగ్గరికి పోయి కెమెరాతో స్వరతంతువులు చూపించుకోవాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనూ ఈఎన్‌టీ విభాగం ఉంది.

మిరియాలు, శొంఠి, తేనె తాగితే హాయిగా ఉంటుంది గానీ, మింగింది ఏదీ స్వరతంతువులను తాకదు, అది అన్నవాహికలోకి పోతుంది. తంతువులకు నేరుగా చేరేది ఆవిరి ఒక్కటే. రికార్డింగుకు గంట ముందు పది నిమిషాలు మామూలు నీళ్ల ఆవిరి చాలు, జండూబామ్ కలపొద్దు. జలుబు మాత్రలు గొంతును ఎండబెడతాయి. గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కాదు, పూర్తిగా మౌనంగా ఉండటమే విశ్రాంతి. "రేపు పాట ఉంది, గొంతు తెప్పించు" అని స్టెరాయిడ్ మాత్ర మింగి పాడేవాళ్లు ఉన్నారు. వాపు దిగినట్టు అనిపిస్తుంది, నొప్పి తెలియక ఇంకా ఒత్తి పాడతారు, అప్పుడే తంతువుల్లో రక్తనాళం చిట్లే ప్రమాదం. డాక్టరు చూడకుండా ఆ పని చేయొద్దు.

చివరికి కాగితాలు. ఇక్కడ జరిగే ఒప్పందాలు చాలా వరకు నోటిమాటే. పాడే ముందే ఒక పేజీ అయినా రాయించుకోవాలి. పాట పేరు, ట్రాకా అసలు గొంతా, ట్రాక్ ఉంచేస్తే అదనంగా ఎంత, గాయకుల పేరు ఎక్కడెక్కడ వేస్తారు, ఎన్నేళ్లకు, ఏ దేశాలకు హక్కులిస్తున్నారు. 2012 కాపీరైట్ సవరణ తర్వాత, సినిమాలో వాడుకోవడానికి గాయకులు రాతపూర్వకంగా ఒప్పుకున్నా, ఆ గానాన్ని వాణిజ్యపరంగా వాడుకున్నప్పుడు రాయల్టీకి అర్హులే. ఈ హక్కు పాడిన మరుసటి ఏడాది మొదలు నుంచి 50 ఏళ్లు ఉంటుంది. తాను పాడినట్టు గుర్తించమని అడిగే హక్కు కూడా చట్టంలో ఉంది. ఒప్పందంలో కాలం రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే ఇచ్చినట్టుగా లెక్క. అందుకే తెలివైన నిర్మాతలు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న రెండు మాటలు మరచిపోకుండా రాయిస్తారు. వాటి మీద బేరం ఆడొచ్చు. గాయకుల రాయల్టీ వసూలు కోసం 2013లో ఇస్రా అనే సంఘం ఏర్పడింది, ఇప్పుడు వాయిద్యకారులనూ కలుపుకుని ఇసామ్రా అయింది. సభ్యులై, పాడిన పాటల వివరాలు నమోదు చేయించుకుంటేనే డబ్బు దారి పడుతుంది. రాసినవాళ్లకు, వరుస కట్టినవాళ్లకు ఐపీఆర్ఎస్ అనే సంఘం వేరు.

జానపదమని పేరు పెట్టి వదిలే పాటలతో ఇంకో లొల్లి. తరతరాలుగా నోటి మీద ఉన్న పాట ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా పాడొచ్చు. కానీ ఒకరు దానికి కట్టిన సంగీతం, చేసిన రికార్డింగు వాళ్లవే. ఆ ట్రాక్ తీసి మీ గొంతు అతికిస్తే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. బతికున్న కవి రాసిన పాటను "సేకరణ" అని వేసుకోవడం అంతకన్నా పెద్ద తప్పు, కోర్టు దాకా పోతుంది. ఎవరి నోట విన్నారో, ఏ ఊళ్లో, ఏ తేదీన విన్నారో ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకుంటే రేపు గొడవొస్తే అదే ఆధారం. పారితోషికంలో 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపన్ను) కోస్తే ఆ డబ్బు మీ పాన్ మీద జమైందో లేదో ఆదాయపన్ను శాఖ వెబ్‌సైటులో చూసుకుని, రిటర్ను వేసి వాపసు తీసుకోవాలి. కోసి కట్టనివాళ్లూ ఉంటారు, చెక్కు తీసుకున్న మూడు నాలుగు నెలలకు ఒకసారి చూసుకుంటే తెలుస్తుంది.